అబద్ధానికి ఎన్ని ముద్దుపేర్లో!

మొన్నామధ్య ఒక ఆదివారం మా వంటింటి అలమర తలుపు ఊడి చేతికొచ్చింది. కార్పెంటరుకి ఫోను చేశాను. "ఎండాడ దాటీసేను బాబూ, పది నిమిషాల్లో మీ ఇంటికాడుంటాను" అన్నాడు. ఆ మాట వెనకాలే ఎవరో ఆటోవాడి కేక వినబడింది, "గాజువాక, గాజువాక, గాజువాక" అని. ఎండాడలో నిలబడి గాజువాకకి జనాన్ని కేకేసే ఆటో ఈ భూప్రపంచంలో లేదు. మనిషి ఎన్ఏడీ కొత్తరోడ్డు దగ్గరున్నాడన్నమాట. అక్కణ్ణుంచి మా మధురవాడ రావాలంటే ట్రాఫిక్ దయతలిచినా గంట పని.

గంటన్నర తర్వాత వచ్చాడు. "ఏమయ్యా, ఎండాడ దాటేశానన్నావు?" అని నిలదీశాను. తల గోక్కుని నవ్వాడు. "అబద్ధం చెప్పీసేను బాబూ. నేకపోతే మీరింకోణ్ణి పిలిచీస్తారు గదా" అన్నాడు.

కోపం దిగిపోయింది. ఎందుకు దిగిందా అని తర్వాత ఆలోచించాను. పని పోతుందన్న భయంతో అబద్ధం చెప్పాడు. అడిగితే దాన్ని అబద్ధమనే అన్నాడు. "కమ్యూనికేషన్ గ్యాప్ వచ్చింది" అనలేదు. "నా మాటల్ని మీరు వక్రీకరించారు" అనలేదు. "టైపింగ్ పొరపాటు" అని అసలే అనలేదు. ఈ మూడోది ఎందుకన్నానో మా ఊరివాళ్ళకి ఈపాటికి వెలిగే ఉంటుంది. మిగతావాళ్ళు కాస్త ఆగండి, అక్కడికే వస్తున్నాను.

తెలుగులో అబద్ధానికి మాటల కరువేం లేదు. అబద్ధం, బొంకు, కల్ల. దొరికిపోయాక గొంతు పెంచితే దబాయింపు. ఏమీ ఎరగనట్టు కాదుకాదంటే బుకాయింపు. లేని గొప్పలు చెబితే కోతలు. వీటన్నిటికీ ఒక సుగుణం ఉంది. వాక్యంలో కర్త ఉంటాడు. ఎవడో ఒకడు బొంకాలి, ఎవడో ఒకడు కొయ్యాలి. మరి ఇప్పటి మాటలు చూడండి. కమ్యూనికేషన్ గ్యాప్ వచ్చింది. అవగాహనా లోపం జరిగింది. ప్రజల్లోకి తప్పుడు సంకేతాలు వెళ్ళాయి. వచ్చిందట, జరిగిందట, వెళ్ళాయట! వడగాడ్పులు వచ్చినట్టు. ఎవరూ ఏమీ చెయ్యలేదు. గిట్‌లో బ్లేమ్ కొడితే ఏ లైను ఎవడు రాశాడో పేరుతో సహా బయటపడుతుంది. ఈ మాటలకి బ్లేమ్ కొట్టి చూడండి, పేరు రాదు.

నా గోలంతా ఇదే. లోకంలో అబద్ధాలు ఎక్కువైపోయాయని కాదు, అవి లేనిదెప్పుడు? ఆడినవాడి పేరు చెరిపేసే మాటలు కనిపెట్టి, వాటిని మనచేత కూడా పలికిస్తున్నారని.

పాతకాలంవాళ్ళు సత్యసంధులని నేననడం లేదు. వంద అబద్ధాలాడైనా ఒక పెళ్ళి చెయ్యమన్న జాతి మనది. భాగవతంలో శుక్రాచార్యుడు బలిచక్రవర్తికి చెప్పిన జాబితా గుర్తుందిగా. ఆడవాళ్ళ విషయంలో, పెళ్ళి విషయంలో, ప్రాణం మీదికి, డబ్బు మీదికి, పరువు మీదికి వచ్చినప్పుడు బొంకినా పాపం లేదన్నాడు. ఇన్ని మినహాయింపులు పోగా బొంకకూడని చోటు భూతద్దం పెట్టి వెతుక్కోవాలి. కానీ గమనించారా, ఆయన బొంకుని బొంకనే అన్నాడు. పాపంలో డిస్కౌంటు ఇచ్చాడుగానీ సరుకు పేరు మార్చలేదు. (బలి ఆ సలహా వినలేదు, అది వేరే సంగతి.)

ఇక టైపింగ్ పొరపాటు కథ.

మా ఇంటినుంచి రుషికొండ నాలుగైదు కిలోమీటర్లుంటుంది. ఆ కొండమీద పర్యాటక శాఖవాళ్ళ హరిత రిసార్టు ఉండేది. 2021లో దాన్ని కూలగొట్టారు. కొత్తగా కట్టేది కూడా రిసార్టే అన్నారు. పచ్చటి కొండ బోడిగుండైంది, వ్యవహారం కోర్టులకెక్కింది. 2023 ఆగస్టులో అప్పటి అధికార పార్టీ వైకాపా ట్విట్టర్ ఖాతాలో, అక్కడ కడుతున్నది సచివాలయం అని పడింది. గోల మొదలవగానే సవరణ వచ్చింది. అది టైపింగ్ పొరపాటనీ, కడుతున్నది పర్యాటక శాఖ ప్రాజెక్టేననీ.

మనం ఇంజనీర్లం కదా, కాసేపు ఇంజనీర్లలాగే ఆలోచిద్దాం. ఒక పదాన్ని ఇంకో పదంగా మార్చడానికి ఎన్ని అక్షరాలు తీసి ఎన్ని వెయ్యాలో లెక్కగట్టడానికి ఎడిట్ డిస్టెన్స్ అని ఒకటి చదువుకున్నాం. "టూరిజం" కొట్టబోయి "సచివాలయం" కొట్టాలంటే ఆ వేలికి ఎంత బలమైన సంకల్పం ఉండాలి! ఏ స్పెల్ చెకరూ, ఏ కీబోర్డూ చెయ్యలేని ఘనకార్యం అది.

అక్కడితో ఆగిందా? 2023 అక్టోబరులో ముఖ్యమంత్రి, మంత్రులు, అధికారులు విశాఖ వచ్చినప్పుడు ఉండటానికి "ట్రాన్సిట్ అకామడేషన్" వెతకమని కమిటీ వేశారు. కమిటీ ఊరంతా వెతికి రుషికొండే బావుందని తేల్చింది. ఆహా, ఏం కాకతాళీయం! 2024 ఫిబ్రవరి 29న ప్రారంభోత్సవం చేశారు. ఎన్నికలయ్యి ప్రభుత్వం మారాక జూన్‌లో మా భీమిలి ఎమ్మెల్యే గంటా శ్రీనివాసరావు విలేకరుల్ని వెంటేసుకెళ్ళి లోపల చూపించారు. కళింగ, వేంగి, గజపతి, విజయనగర అని బ్లాకులకి పేర్లు, నాలుగొందల కోట్ల పైచిలుకు ఖర్చు. రిసార్టు, సచివాలయం, పొరపాటు, ట్రాన్సిట్ అకామడేషన్. ఒకే కట్టడానికి మూడేళ్ళలో ఇన్ని పేర్లు. "ముఖ్యమంత్రి కోసం కడుతున్నాం" అని మొదటిరోజే అనుంటే ఏమయ్యేది? కొందరు తిట్టేవాళ్ళు, కొందరు రాజధాని వస్తోందని సంబరపడేవాళ్ళు. రెండూ ప్రజాస్వామ్యంలో మామూలే. కొండ గుండు చేసినందుకు నాకు సగం బాధ. మిగతా సగం, ఆ టైపింగ్ పొరపాటు కథ మనం నమ్ముతామనుకున్నందుకు.

ఇంతవరకూ చదివి ఇతగాడు పసుపు బాపతు అని తీర్మానించేశారా? తొందరపడకండి.

2017 జనవరిలో ఇదే విశాఖలో భాగస్వామ్య సదస్సు జరిగింది. 10 లక్షల కోట్లకి పైగా ఒప్పందాలని తెలుగుదేశం ప్రభుత్వం ప్రకటించింది. 2023 మార్చిలో వైకాపా ప్రభుత్వం పెట్టుబడిదారుల సదస్సు పెట్టి 13 లక్షల కోట్లంది. 2025 నవంబరులో కూటమి ప్రభుత్వం మళ్ళీ సదస్సు పెట్టింది, మళ్ళీ 13 లక్షల కోట్ల పైమాటే. చివరి రెండింటికీ మైదానం కూడా ఒకటే, మన ఆంధ్రా యూనివర్సిటీ ఇంజనీరింగ్ కాలేజీది. పార్టీలు మారినా షామియానా కట్టే చోటు మారలేదు.

ఈ 13 లక్షల కోట్లంటే ఎంతో తెలుసా? 2022-23లో ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర స్థూల ఉత్పత్తి సుమారుగా అంతే. పొలాలు, రొయ్యల చెరువులు, మందుల కంపెనీలు, కిరాణా కొట్లు, మన జీతాలు, అన్నీ కలిపి ఏడాది పొడుగునా రాష్ట్రం మొత్తం పుట్టించిన విలువంత రెండ్రోజుల్లో సంతకాలైపోయాయి! సంతకాలు అబద్ధం కాదు, నిజంగానే పెట్టారు. వాటిలో కొన్ని నిజంగానే ఫ్యాక్టరీలూ ఆఫీసులూ అవుతాయి, వాటికి దణ్ణం పెడతాను. తగువల్లా "అవగాహన ఒప్పందం కుదిరింది" అనే మాట మర్నాడు పొద్దుటికి "పెట్టుబడులు వచ్చాయి" అయిపోవడం దగ్గర. పెళ్ళిచూపులకొచ్చి కాఫీ తాగి వెళ్ళినవాళ్ళందర్నీ అల్లుళ్ళ లెక్కలో రాసుకోవడంలాంటిది.

ఇక్కడొక తమాషా ఉంది. ఈ ఒప్పందాలు సాధారణంగా ఎవర్నీ కట్టిపడెయ్యవు, నాన్-బైండింగ్ అంటారు. సంస్కృతంలో బద్ధం అంటే కట్టబడినది. కట్టబడనిది? అబద్ధం! అసలర్థం అదే, దేనికీ కట్టుబడని మాట. మనవాళ్ళు ఎప్పుడో పేరు పెట్టేశారు, మనమే ఇంగ్లీషులో చదువుకుంటున్నాం. :)

ఢిల్లీవాళ్ళు మనకంటే ఒక మెట్టు పైన. 2014 ఫిబ్రవరి 20న రాజ్యసభలో ప్రధాని మన్మోహన్ సింగ్ ఆంధ్రప్రదేశ్‌కి అయిదేళ్ళు ప్రత్యేక హోదా అన్నారు. చాలదు, పదేళ్ళు కావాలన్నారు అవతలి పక్షంవాళ్ళు. తర్వాత ఆ అవతలి పక్షమే ఇవతలికొచ్చింది. 2016 సెప్టెంబరుకల్లా హోదా పోయి "ప్రత్యేక సాయం" మిగిలింది. ఎందుకయ్యా అంటే 14వ ఆర్థిక సంఘం ఒప్పుకోదన్నారు. వై.వి. రెడ్డిగారు అధ్యక్షులుగా ఉన్న ఆ సంఘం రాసింది ఏమిటి? పన్నుల వాటా పంచేటప్పుడు ప్రత్యేక రాష్ట్రాలు, మామూలు రాష్ట్రాలు అని మేం తేడా చూపించలేదు అని. హోదా ఇవ్వొద్దని సిఫారసు చెయ్యలేదు. ఇవ్వదల్చుకోలేదంటే ఒక మాట. అది రాజకీయ నిర్ణయం, తిడతాం, పడాలి. కానీ "మేం ఇద్దామనే ఉంది, కాగితం ఒప్పుకోవడం లేదు" అన్నారు. కర్త మళ్ళీ మాయం, నేరం కాగితానిది.

పోనీ, చట్టసభలో ఎవరైనా లేచి "మీరు అబద్ధం చెబుతున్నారు" అనొచ్చా? కుదరదండీ, ఆ మాట రికార్డుల్లోంచి పోతుంది. 2022 జులైలో లోక్‌సభ సచివాలయం వేసిన అన్‌పార్లమెంటరీ మాటల పుస్తకంలో అబద్ధమూ ఉంది, అసత్యమూ ఉంది. మేమే మాటనీ నిషేధించలేదు, గతంలో రికార్డులనుంచి తీసేసినవాటి జాబితా మాత్రమే అని స్పీకరు ఓం బిర్లా వివరణ ఇచ్చారు. తెల్లదొరల దగ్గర నేర్చిన మర్యాదేలెండి ఇది. 1906లో చర్చిల్ వాళ్ళ సభలో "పరిభాషా సంబంధమైన ఖచ్చితత్వ లోపం" లాంటి ఒక పలుకు పలికాడు. అబద్ధమనడానికి అదొక మర్యాద మాటగా స్థిరపడిపోయింది. అంటే అబద్ధం ఆడినవాడు సభలో కూర్చోవచ్చు, అది అబద్ధమన్నవాడు మాత్రం మాట వెనక్కి తీసుకోవాలి. ఇదెక్కడి న్యాయమో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

సరే, రాజకీయ నాయకుల్ని తిట్టడం తేలిక. ఖర్చు లేదు, ఆఫీసులో టీ తాగుతూ తిట్టొచ్చు. మన సంగతి చూద్దాం.

2009 జనవరి 7. ఆ రోజు ఏ సీట్లో కూర్చుని ఆ ఉత్తరం చదివారో మన వయసువాళ్ళెవరికీ మరుపు రాదు. సత్యం కంప్యూటర్స్ ఛైర్మన్ రామలింగరాజు బోర్డుకి రాసిన ఉత్తరం. పుస్తకాల్లో చూపించిన 5,361 కోట్ల నగదు, బ్యాంకు నిల్వల్లో 5,040 కోట్లు అసలు లేనే లేవు. ఆ ముందు సెప్టెంబరుతో ముగిసిన త్రైమాసికంలో ఆదాయం 2,700 కోట్లని చూపిస్తే నిజంగా వచ్చింది 2,112 కోట్లు. నిర్వహణ లాభం 649 కోట్లని చూపిస్తే అసలుది 61 కోట్లు. ఇంత ఘోరం ఎలా మొదలైందో చెప్పడానికి ఆయనకి దొరికిన మాట ఏమిటనుకున్నారు? గ్యాప్! అసలు లాభానికీ పుస్తకాల్లో లాభానికీ మధ్య చిన్న గ్యాప్ ఉండేదట, ఏళ్ళు గడిచేకొద్దీ అదే పెరిగిపోయిందట, గుమ్మడిపాదులాగా. చట్టానికి లోబడతానని కూడా రాశారు, ఏ మాటకామాట చెప్పుకోవాలి. 2015 ఏప్రిల్‌లో హైదరాబాదు కోర్టు ఏడేళ్ళ శిక్ష వేసింది, అప్పీలు మీద బయటికొచ్చారు. ఆ గ్యాప్ సంగతి తెలియకుండా యాభై వేలమంది ఆ కంపెనీలో పనిచేశారు. కంపెనీ పేరేమో సత్యం.

ఆ రోజు మా టీములో అందరం రాజుగార్ని దుమ్మెత్తిపోశాం. అందరికంటే గట్టిగా అరిచినవాణ్ణి నేను. అప్పటికి నా రెజ్యూమెలోనూ ఒక గ్యాప్ ఉంది. పూడ్చేసిన గ్యాప్.

2003లో ఎంసీఏ చేతబట్టుకుని అమీర్‌పేటలో దిగాను. ఆరు నెలలు కోర్సు, ఎనిమిది నెలలు ఖాళీ. ఫ్రెషరంటే గేటు దగ్గరే ఆపేసేవాళ్ళు. ఒక కన్సల్టెన్సీవాళ్ళు "రెండేళ్ళు ఎక్స్‌పీరియన్స్ పెడదాం" అన్నారు. అన్నంలో ఇంకో గరిటె పెడదామన్నట్టు. నేనెన్నడూ చూడని ఒక బెంగుళూరు కంపెనీలో రెండేళ్ళు పనిచేసేశాను. ఆ ఆఫీసు ఎన్నో అంతస్తో, ఎదురుగా ఏ హోటలుందో బట్టీ పట్టాను. ఇంటర్వ్యూలో "మీ మేనేజరు పేరేంటి" అని అడిగితే నోటికి మా హైస్కూలు లెక్కల మాస్టారి పేరొచ్చింది. అదే చెప్పేశాను. ఉద్యోగం వచ్చింది. తర్వాత ఎవరడిగినా నేను చెప్పే మాట ఒకటే: "కన్సల్టెన్సీవాళ్ళు పెట్టారు." వాళ్ళు టైపు చేశారు, నిజమే. కింద సంతకం నాది. మాస్టారి పేరు చెప్పిన నోరూ నాదే. "నేను అబద్ధమాడాను" అనే మూడు ముక్కల వాక్యం ఇరవయ్యేళ్ళపాటు నా నోట్లోంచి రాలేదు.

మన వాడుక గమనించారా? ఎక్స్‌పీరియన్స్ "పెట్టడం". ఇంటర్వ్యూ ఇంకొకడు చెబితే "ప్రాక్సీ". అమెరికాలో ఉద్యోగం ఒకరిది, రాత్రంతా కూర్చుని పనిచేసేది హైదరాబాదులో ఇంకొకరు, దాని పేరు "సపోర్ట్". ఎంత చక్కటి మాట! ముసలివాళ్ళకి చేతికర్ర ఇచ్చినట్టుంది. ఇక నిజంగా పనిచేసి సంపాదించిన అనుభవం ఉన్నవాణ్ణి ఏమంటాం? "జెన్యూన్" అంటాం. "మావాడు జెన్యూన్ అండీ" అని పక్కన ఒక ముక్క తగిలించాలి. ఉత్త ఎక్స్‌పీరియన్స్ అంటే ఏమిటో అందరికీ తెలుసు కాబట్టి! నిజానికి విశేషణం అవసరమైందంటే మార్కెట్లో సరుకు పరిస్థితి ఏమిటో ఊహించుకోండి.

"అందరూ చేసేదే, ఎవరికి నష్టం?" అంటారు. ఎవరికో చెబుతాను. ఇప్పుడు ఇంటర్వ్యూలు నేను చేస్తున్నాను. మన తెలుగు పేరు, తెలుగు యాస కనబడగానే ప్యానెల్లో పక్కవాడు కెమెరా వంక, అభ్యర్థి పెదాల వంక చూడటం మొదలెడతాడు. ఒకమ్మాయి శ్రీకాకుళంనుంచి వచ్చింది, నాలుగేళ్ళు నిజంగా పనిచేసింది. ప్రతి జవాబుకీ రెండో ప్రశ్న, దానికి మూడో ప్రశ్న. చివరికి ఏడుపు గొంతుతో "సార్, నేను జెన్యూన్ సార్" అంది. నాకు తల కొట్టేసినట్టయింది. ఆ అమ్మాయిని అనుమానించడం వాళ్ళకి నేర్పింది నాలాంటివాళ్ళమే కదా.

ఇదంతా ఇప్పుడెందుకు రాస్తున్నానంటే, కిందటి నెల మా పెద్దనాన్నగారి మనవడు ఇంటికొచ్చాడు. నాకు వరసకి కొడుకు. బీటెక్ అయి ఏడాదిన్నర. "బాబాయ్, కన్సల్టెన్సీవాళ్ళు మూడేళ్ళు పెడతామంటున్నారు. రిఫరెన్స్ కాల్ వస్తే నా దగ్గర పనిచేశాడని నువ్వొక్క మాట అంటే చాలు" అన్నాడు. కుదరదన్నాను. ఎందుకు కుదరదో చెబుతూ, ఆవేశంలో నా లెక్కల మాస్టారి కథ కూడా చెప్పేశాను. రెజ్యూమె నిజాయితీగా తిరిగి రాద్దాం, ప్రాజెక్టొకటి దగ్గరుండి చేయిస్తాను, నాకు తెలిసినచోట ఫ్రెషర్‌గానే పంపిస్తాను రమ్మన్నాను. తలూపి వెళ్ళిపోయాడు. మళ్ళీ రాలేదు.

సాయంత్రం వదిన ఫోను చేసింది. "నువ్వు పెట్టుకున్నప్పుడు తప్పు కాలేదు, మా వాడి దగ్గరకొచ్చేసరికి హరిశ్చంద్రుడివైపోయావా? నువ్వెక్కిన నిచ్చెనే కదా, వాడెక్కుతానంటే లాగేస్తావేం?" అంది. నా దగ్గర జవాబు లేదు. ఇప్పటికీ లేదు. ఆవిడన్నది నిజం, నేను వాడికి చెప్పిందీ నిజమే. రెండూ ఒకదాన్నొకటి కొట్టేసుకోవు, పక్కపక్కనే కూర్చుని నన్ను చూస్తుంటాయి.

వచ్చే ఆదివారం వాళ్ళ గృహప్రవేశం, కొమ్మాదిలో కొత్త ఫ్లాటు. పిలుపు వచ్చిందిగానీ వదిన మాట్లాడలేదు, అన్నయ్య చేత చెప్పించింది. వెళ్ళాలని నాకు లేదు. మా ఆవిడ పరిష్కారం సిద్ధంగా పెట్టింది. "ఆఫీసులో రిలీజుందని చెప్పెయ్యండి. అబద్ధమేం కాదుగా, మంగళవారం ఉంది కదా" అంది.

ఫోను ఇంకా చెయ్యలేదు.